నునుపైన రిమ్ము, నిలువని బండి

వానాకాలమున సైకిలు తొక్కిన వారిలో పెక్కుమందికి ఒక అనుభవము కలిగియుండును. పల్లమునకు దిగుచు బ్రేకు పట్టుదుము. పిడి చేతికి దగ్గరగా వచ్చును, కడ్డీలు కదలును, రబ్బరు ముక్కలు రిమ్మును తాకును. కాని బండి మాత్రము తన దారిన తాను పోవుచునే యుండును. నా చిన్నతనమున ఒక శ్రావణమాసపు సాయంకాలము, విశాఖపట్టణములో వాల్తేరు మెట్టనుండి సముద్రతీరమునకు దిగు బాటలో నాకీ సంగతి తెలిసివచ్చెను. సైకిలు మా నాన్నగారిది. నా ఎత్తునకు మించినది. పిడికిళ్ళు తెల్లబడునట్లు రెండు బ్రేకులను బిగించితిని. బండి ఆగలేదు. కడకు ఎడమకాలి చెప్పును నేలకు రాచి, బాట ప్రక్కనున్న ఇసుకలో పడి ఆగితిని. మోచేయి గీచుకొనిపోయెను, అంతకు మించిన కీడు జరుగలేదు. నేను ఇల్లు చేరునప్పటికి వాన వెలిసి రిమ్ములు ఆరినవి. నాన్నగారు బ్రేకులను రెండుమూడు మారులు పట్టి చూచి, "బ్రేకులు బాగానే ఉన్నాయి కదరా! నువ్వే సరిగా పట్టలేదు" అనిరి.

ఆయన చూచినదియు నిజమే. నేను పడినదియు నిజమే. పొడిగా నున్నప్పుడు పట్టి, తడిసినప్పుడు విడిచిపెట్టు ఈ బ్రేకుతో సైకిలు నిర్మాతలు నూరేండ్లకు పైగా పెనుగులాడిరి. ఆ పెనుగులాటలో మిక్కిలి విచిత్రమైన ఘట్టము నడిపినవారు కర్మాగారముల యజమానులు కారు; బండరాళ్ళపై సైకిలుతో గంతులు వేయు యువకులు. వారి వరకు ఈ కథ ఎట్లు వచ్చినదో మొదటినుండి చూతము.

రెండు చక్రముల వాహనమునకు ఆదిపురుషుడు జర్మనీ దేశస్థుడగు కార్ల్ డ్రైస్. 1817వ సంవత్సరము జూను మాసమున మాన్‌హైము పట్టణమున అతడు తన కొయ్యబండిపై కూర్చుండి, కాళ్ళతో నేలను తన్నుకొనుచు ప్రయాణము చేసెను. దానికి పెడళ్ళు లేవు, గొలుసు లేదు. అయినను వెనుక చక్రమును ఒత్తి పట్టుటకు త్రాటితో లాగు బ్రేకు ఉండెను. ముందుకు పోవు యంత్రాంగము పూర్తి కాకముందే ఆపు సాధనము అమరినదన్నమాట! పందొమ్మిదవ శతాబ్దపు ఏడవ దశకమున పారిసు నగరమున మిషో కుటుంబమువారు ముందు చక్రమునకు పెడళ్ళు బిగించి బండ్లు చేసిరి. వాని హేండిలును మెలిత్రిప్పినచో త్రాడు చుట్టుకొని, వెనుక చక్రముపై బ్రేకు నొక్కుకొనెడిది. ఇనుప పట్టాపై ఇనుము రాచుకొను ఆ బ్రేకునుండి ఎక్కువ ఆశింపలేము.

తరువాత పెద్ద చక్రపు సైకిళ్ళు వచ్చినవి. మనిషి ఛాతీవరకు వచ్చు ముందు చక్రము, దాని నెత్తిపై రౌతు, వెనుక చిన్న చక్రము. ముందు చక్రమునకు చుట్టిన గట్టి రబ్బరుపై గరిటె వంటి లోహపు రేకును అదుముటయే బ్రేకు. ఇచట చిక్కు తలక్రిందయ్యెను. బ్రేకు చాలకపోవుట ఒక ప్రమాదము. అది గట్టిగా పట్టుట అంతకంటె పెద్ద ప్రమాదము. రౌతు బరువంతయు ముందు ఇరుసునకు దాదాపు నిట్టనిలువుగా ఉండుటచే, చక్రము హఠాత్తుగా ఆగినచో మనిషి తలక్రిందులుగా ముందుకు పడెడివాడు. కావున అనుభవజ్ఞులు బ్రేకును వ్రేలితో తాకి చూచుటయే గాని పూర్తిగా బిగించెడివారు కారు.

ఈ భయమును పోగొట్టినది 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ నిర్మించిన రోవరు సైకిలు. ఇంచుమించు సమానమైన రెండు చక్రములు, వెనుక చక్రమునకు గొలుసు, ఇరుసుల నడుమ రౌతు. ఇక గట్టిగా బ్రేకు పట్టుటకు వీలు కలిగెను. కాని కొలది యేండ్లకే బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడగు జాన్ బాయిడ్ డన్లప్ గాలి టైరునకు పేటెంటు పొందెను. ప్రయాణసౌఖ్యమును పెంచిన ఆ టైరు బ్రేకునకు కొత్త తంటా తెచ్చెను. గట్టి రబ్బరుపై రేకును అదిమినచో రబ్బరు కొంత అరిగెడిది, అంతే. గాలి టైరుపై అదిమినచో అరిగినది ఖరీదైన టైరు. అది చిల్లి పడి గాలి పోయినచో, బ్రేకు నొక్కుకొనుటకు ఆధారమే ఉండదు. టైరును కాపాడవలెనని 1897లో అమెరికాలోని ఓక్లండునకు చెందిన ఏబ్రం డక్ అనునతడు రేకునకు బదులు రబ్బరు రోలర్లను టైరునకు ఒత్తు బ్రేకునకు పేటెంటు పొందెను. అయితే దారిలోని బురదను, దుమ్మును ఎత్తుకొని వచ్చు భాగముననే బ్రేకు వేయుటలోని లోపము దానివలనను తీరలేదు.

అప్పుడు అందరి దృష్టి టైరునుండి రిమ్మునకు మరలెను. ఈ ఊహ పూర్తిగా కొత్తది కాదు. చక్రమును రెండు ప్రక్కలనుండి పట్టకారు వలె పట్టు బ్రేకునకు 1876లోనే ఇంగ్లండులో బ్రౌవెట్, హారిసన్ అనువారు పేటెంటు తీసికొనిరి. రిమ్మును పట్టుటలో ఒక సహజమైన లాభము కలదు. తిరుగలి పిడి అంచున ఉన్నందుననే కదా మనము దానిని సులువుగా త్రిప్పగలుగుచున్నాము. పిడిని నడిమి కీలుకు దగ్గరగా బిగించినచో ఎంత బలమైన చేయియైనను అలసిపోవును. త్రిప్పుటకు వర్తించు న్యాయమే ఆపుటకును వర్తించును. ఇరుసునుండి ఎంత దూరమున పట్టుదుమో అంత తక్కువ బలముతో చక్రము ఆగును. ఆ విధముగ చూచినచో రిమ్మును మించిన చోటు లేదు.

చేతి బలమును రిమ్మువరకు చేర్చు మార్గము మిగిలెను. 1896లో ఎర్నెస్టు మానింగ్టన్ బౌడెన్ వంగగల గొట్టములో నుండి జారు తీగకు పేటెంటు పొందెను. నేటికిని సైకిళ్ళకు, మోటారుసైకిళ్ళకు వాడు బ్రేకు తీగలు ఆ జాతివే. దానితోపాటు ఇనుప కడ్డీల పద్ధతియు వ్యాపించెను. మన పెద్దల సైకిళ్ళలో చూచినది ఇదియే. పిడిని లాగినచో కడ్డీ పైకి లేచి, గుర్రపు రికాబు వంటి చట్రము రెండు రబ్బర్లను రిమ్ము లోపలి ముఖమునకు, అనగా ఇరుసువైపు ముఖమునకు, అదుమును. చక్రము కొద్దిగా వంకర పోయినను ఈ బ్రేకు పనిచేయును. మేకులు, సుత్తి తప్ప వేరు సాధనములు లేని పల్లెలలో సైతము దీనిని సరిచేసికొనవచ్చును.

1949లో, ఆంధ్ర ప్రాంతము ఇంకను మదరాసు రాష్ట్రములో నుండగా, మదరాసులో టి.ఐ. సైకిల్సు సంస్థ ఏర్పడెను. 1951లో సోనీపత్‌లో అట్లాసు, 1956లో లూధియానాలో హీరో సైకిళ్ళ నిర్మాణము ఆరంభమయ్యెను. పాలవాడు, తంతి బంట్రోతు, బడిపంతులు, బస్తాల వర్తకుడు ఎక్కి తిరిగిన నల్లని కడ్డీ బ్రేకు సైకిళ్ళు అట్టి కర్మాగారములనుండి వచ్చినవే. వాని రిమ్ములు ఉక్కువి. తుప్పు పట్టకుండుటకు పైన మెరయు పూత. మొదట నికెలు పూతయు, తరువాత క్రోమియం పూతయు వాడుకలోనికి వచ్చెను. సైకిలు కొనువారు అంగడిలో చక్రమును త్రిప్పి, రిమ్ములో తమ ముఖము కనబడుట చూచి మురిసెడివారు. ఆ మెరుపులోనే వానకాలపు ముప్పు దాగియుండెను.

ఎందువలన? దీనికి సమాధానము చెప్పుటకు ఘర్షణ శాస్త్రము కొంత తెలిసికొనవలెను. ఒకదానిపై నొకటి జారు వస్తువుల నడుమ కలుగు ఘర్షణ, వాని నదుము బలమును బట్టి పెరుగునని 1699లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు అమాంతాన్ వివరించెను. 1785లో కూలుంబ్ ఈ విషయమును మరింత విపులముగా పరిశోధించెను. తాకు వైశాల్యము పెరిగినంత మాత్రమున ఘర్షణ పెరుగదని వారి సిద్ధాంతము. రబ్బరు ఈ సూత్రమునకు పూర్తిగా లోబడదు గాని, పొడవైన బ్రేకు రబ్బరు బిగించినంత మాత్రమున పట్టు రెట్టింపు కాదనుట సత్యమే. అది మెల్లగా అరుగును, మెల్లగా వేడెక్కును. ముఖ్యముగా దాని లాభమంతే.

మరి వైశాల్యమునకు ప్రాధాన్యము లేకపోవుటకు కారణమేమి? ఇరువదవ శతాబ్దమున కేంబ్రిడ్జిలో పరిశోధించిన ఫిలిప్ బౌడెన్, డేవిడ్ టేబర్ అనువారు ఈ ప్రశ్నకు చక్కని వివరణ నిచ్చిరి. వారి ప్రసిద్ధ గ్రంథము 1950లో వెలువడెను. బ్రేకు తీగ బౌడెన్ వేరు, ఈ బౌడెన్ వేరు. బ్రేకు కథలో ఒకే పేరుగల ఇరువురు తారసపడుట కేవలము కాకతాళీయము. ఎంత నున్నని తలమైనను సూక్ష్మముగా చూచినచో మిట్టపల్లములే. రెండు తలములు కలిసినప్పుడు నిజముగా తాకునవి కొన్ని మిట్టల కొనలు మాత్రమే. అదిమిన కొలదియు ఆ తాకు చోట్లు పెరుగును. అచట ఒకదానికొకటి అంటుకొని, విడివడుటకు మొరాయించుటయే ఘర్షణకు ముఖ్యమైన మూలము.

ఇప్పుడు ఈ రెండింటి నడుమకు నీరు వచ్చినదనుకొందము. గరుకు తలముపై నీటికి ప్రక్కకు పోవుటకు కాలువల వంటి పల్లములుండును. మిట్టలు పొరను చీల్చుకొని రబ్బరును చేరును. అద్దము వంటి క్రోమియంపై అట్టి దారులు లేవు. పలుచని నీటిపొర రబ్బరునకును లోహమునకును నడుమ నిలిచి, వానిని కలియనీయదు. రబ్బరు తేలిపోవును.

ఇది ఎంతటి నష్టమో కొలిచి చూపినవారు అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థ వారు. 1970 ప్రాంతమున డేవిడ్ గోర్డన్ విల్సన్ అను ఆచార్యుని వద్ద ఈ పరిశోధన జరిగెను. క్రోమియం పూత గల ఉక్కు రిమ్ముపై సాధారణమైన బ్రేకు రబ్బరునకు పొడిగా నుండు ఘర్షణలో, తడిసినప్పుడు పదవ వంతు సైతము మిగులుట లేదని తేలెను. అంతియే కాదు; పూర్తి బలముతో బ్రేకు పట్టి ఉంచినను, ఆ ఘర్షణ తిరిగి పెరుగుట మొదలగుటకే చక్రము సగటున సుమారు 30 మారులు తిరుగవలసివచ్చెను. పూర్తిగా కోలుకొనుటకు మరి 20 తిరుగుళ్ళు పట్టెను. 26 అంగుళముల చక్రము ఒక్క తిరుగుడులో సుమారు 2 మీటర్లు పోవును. అనగా బ్రేకు పట్టిన పిదప 60 మీటర్లు పోయినగాని రబ్బరు నీటిని తుడిచివేయజాలదు. వాల్తేరు బాటలో నాకు అన్ని మీటర్లు మిగులలేదు!

ఈ లోపమునకు విరుగుడులు కనుగొనలేదని కాదు. ఉక్కు రిమ్ములకు తోలు అంటించిన బ్రేకు ముక్కలు ఇంగ్లండులో వాడుకలోనికి వచ్చెను. తడిసిన క్రోమియంపై తోలు రబ్బరు కంటె మేలు. ఇంతకంటె గొప్ప మార్పు అల్యూమినియం రిమ్ము. ఉక్కు కంటె తేలిక, క్రోమియం కంటె మెత్తన. అందుచే దానిపై రబ్బరు త్వరగా నీటిని తుడిచి పట్టు సాధించును. 1934లో ఫ్రాన్సు దేశపు మహాపందెమున ఆంటోనిన్ మాన్ అను వీరుడు ఇట్టి రిమ్ములను కొయ్యవలె కనబడునట్లు రంగు పూయించి రహస్యముగా వాడెనని సైకిలు చరిత్రకారులు చెప్పుదురు. పందెములలో అల్యూమినియం ఆ కాలమున వచ్చినను, సామాన్యుని బండిలో మాత్రము మెరయు ఉక్కు పెక్కు దశాబ్దములు నిలిచెను. ధర ఒక కారణము, గట్టిదనము మరియొక కారణము. మెరుపుపై మనకుగల మక్కువయు కారణమే.

ఇంతవరకు చెప్పిన బ్రేకుల పని బండి వేగమును తగ్గించుట. వేరొక విధమైన పనికై బ్రేకును వాడువారు తరువాత వచ్చిరి. బ్రిటనులో మోటారుసైకిలు తొలినాళ్ళనుండి, కాలు నేలకు ఆనకుండ రాళ్ళమీదుగా, వాగులమీదుగా నడుపు నేర్పును పరీక్షించు పోటీలు జరుగుచుండెను. వానికి ట్రయల్సు అని పేరు. స్కాట్లండులో 1911 నుండి ఆరు దినముల పోటీ ప్రసిద్ధము. ఈ క్రీడ స్పెయినులోని కాటలోనియా ప్రాంతమున మిక్కిలి అభిమానము పొందెను. అచట మోటారుసైకిలు పోటీలలో పేరుగాంచిన పెరే పీ ఇరువదవ శతాబ్దపు తుది భాగమున ఇదే క్రీడను ఇంజను లేని చిన్న సైకిళ్ళపై పిల్లలలో వ్యాపింపజేసెను. ఆయన కుమారుడు ఓట్ పీ ప్రపంచ విజేతగా పలుమారులు నిలిచెను. ఇంజను లేని ట్రయల్సు కనుక స్పానిషు భాషలో ఆ క్రీడకు ట్రయల్‌సిన్ అను పేరు వచ్చెను. సిన్ అనగా లేకుండ అని అర్థము.

ఈ ఆటగాడు ఎదుట ఎత్తైన బండ ఉన్నచో దానిపైకి సైకిలుతో దుముకును. వెనుక చక్రము ఒక్కటే రాతి అంచున ఆనును. ముందు చక్రము గాలిలోనే యుండును. ఆ క్షణమున వెనుక బ్రేకు చక్రమును శిల వలె నిలుపవలెను. అది వ్రేలెడు మేర జారినను మనిషి వెనుకకు పడును. మరుక్షణమున బ్రేకు వదలి, పెడలు తన్ని, తరువాతి బండపై వ్రాలి మరల బిగించును. చక్రము ముందునకే గాక వెనుకకును తిరుగకుండ ఆగవలెను. ఇదంతయు ఒకే ఒక వ్రేలి బలముతో జరుగవలెను; మిగిలిన వ్రేళ్ళు హేండిలును విడువరాదు. వేగము తగ్గించు బ్రేకు కొంచెము జారినను క్షమింపవచ్చును. ఈ బ్రేకునకు జారుటయే మరణము.

కావున వారు కనిపెట్టిన ఉపాయము సైకిలు అంగడివానికి గుండె గుభేలుమనిపించునది. కమ్మరి దుకాణములలో ఇనుము రాపిడి పెట్టు చేతి గ్రైండరును తీసికొని, కొత్త అల్యూమినియం రిమ్ము ప్రక్కలను గీతలు గీతలుగా గీరివేసిరి! నిర్మాతలు ఎంతో శ్రమించి తెచ్చిన నునుపును నిమిషములలో చెరిపివేసిరి. మనకీ పని వింత కాదు. అరిగి నున్నబడిన రుబ్బురోలికి గంట్లు కొట్టించుట మన ఇండ్లలో ఎరుగనివారెవరు? గంట్లు పోయిన రోలులో పప్పు జారునే గాని నలుగదు. రిమ్మునకును ఇదే న్యాయము. ఆ గీతల అంచులు బ్రేకు ముక్కలో దిగబడి పట్టును. నడుమనున్న పల్లములు నీటికి దారి ఇచ్చును.

గంట్లలోను పద్ధతి కలదు. చక్రము తిరుగుచుండగా గ్రైండరును ఏటవాలుగా, తేలికగా తాకించవలెను. గీతలు అన్ని వైపుల సమముగా పడవలెను. ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన ఉన్నచో బ్రేకు ఒక క్షణము పట్టి ఒక క్షణము విడుచును. మెత్తని రబ్బరు ఆ గరుకునకు తునియలైపోవును గనుక గట్టి పాలీయురెథేను ముక్కలను వాడుదురు. రిమ్మును గీరుట ఇష్టములేనివారు వేరొక త్రోవ తొక్కిరి. రోడ్డుకు వేయు తారుముక్కను రిమ్ముపై రాచిరి. అది జిగురై మెత్తని రబ్బరును పట్టుకొనును. కాని తడిలో తారు మాట చెల్లదు. గంట్ల రిమ్మే నిలుచును. రెండింటిలోను బ్రేకు పట్టినప్పుడు కీచుమను శబ్దము వీథి చివరవరకు వినబడును.

పట్టు పెరిగినకొలది కొత్త బలహీనతలు బయటపడెను. బ్రేకును గట్టిగా బిగించినప్పుడు చక్రమునకు ఇరుప్రక్కలనుండు చట్రపు గొట్టములే వెలుపలికి వంగెడివి. వ్రేలి బలములో కొంత రిమ్మును చేరక ఆ వంపులోనే వ్యర్థమయ్యెడిది. దానికి రెండు గొట్టములను కలుపుచు గుర్రపు నాడా ఆకారపు గట్టి పలకను బిగించిరి. బ్రేకు తీగ సాగుదలయు ఒక నష్టమే. జర్మనీకి చెందిన మగురా సంస్థ 1987లో తీగ స్థానమున నూనెతో బలమును చేర్చు రిమ్ము బ్రేకును తెచ్చెను. నూనె అదిమినను కుదించుకొనిపోదు గనుక వ్రేలి ఒత్తిడి వృథాపోక రిమ్మును చేరును. ఆ వంశపు బ్రేకులు ట్రయల్సు క్రీడలో చిరకాలము రాజ్యమేలినవి. నేడు పెక్కుమంది ఇరుసు వద్ద పట్టు డిస్కు బ్రేకులకు మారినను, రిమ్ము బ్రేకును విడువనివారు ఇంకను కలరు.

ఈ చరిత్ర విని, ఎవరైనను ఇంటి సైకిలుపై గ్రైండరు పెట్టుదురేమోయను భయము నాకు లేకపోలేదు. అట్లు చేయరాదు. పట్టు ఊరక రాదు. దాని వెల అరుగుదల. ట్రయల్సు ఆటగాడు గంట్లు నున్నబడగనే మరల గీరును, ముక్కలను తరచుగా మార్చును, రిమ్ము పలుచబడగనే పారవేయును. దినమునకు పది మైళ్ళు తిరుగు బండి రిమ్ము టైరులోని గాలి ఒత్తిడిని సైతము భరింపవలెను. ప్రక్కగోడ పలుచబడినచో ఒకనాడు అది చీలి, చక్రమే కూలును. గీరుట రోటికి తగును, రాళ్ళపై ఆటకు తగును; బాటకు తగదు.

బాటపై పోవువారు చేయదగినవి వేరు. రిమ్మునకు నూనె అంటనీయరాదు. ఎండకు గట్టిపడి, గాజువలె మెరయు బ్రేకు రబ్బరును మార్చవలెను; అందులో దిగిన ఇసుక రేణువులను తీసివేయవలెను. వానలో దిగుడు రాకముందే బ్రేకును తేలికగా తాకించుచు నీటిని తుడుచుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యము, తడిలో దూరము చాలదని ముందే ఎరిగి మెల్లగా పోవలెను.

పెద్దలకు ఇంకొక్క మాట. వానలో పడి వచ్చిన పిల్లవాడు బ్రేకు పట్టలేదని చెప్పినప్పుడు, ఆరిన చక్రమును త్రిప్పి చూచి తీర్పు చెప్పవలదు. ఒక చెంబెడు నీళ్ళు రిమ్ముపై పోసి, అప్పుడు బ్రేకు పట్టి చూడుడు.